కర్రకి సందు వదలండి: చేతి గేమ్‌లో ఇటుకల ఆట ఆడే పద్ధతి

సంక్రాంతి వెళ్లాక మా మేనత్తని రాజోలు వైపు వాళ్ల ఊళ్లో దింపడానికి బయల్దేరాం. నరసాపురం దాటి మాధవాయిపాలెం రేవులో, గోదావరి దాటించే పంటు కోసం కూర్చున్నాం. పంటు అవతల సఖినేటిపల్లి ఒడ్డున ఉంది, ఇంకా బండ్లు ఎక్కుతున్నాయి. నేను సంచిలోంచి పాత బ్రిక్ గేమ్ తీసి ఆడుతుంటే అత్త పక్కనుంచి తొంగి చూసింది. కాసేపు చూసి, "ఒరేయ్, ఇందులో గెలిచేది ఎప్పుడు?" అంది.

"గెలవడం ఉండదత్తా."

"మరెందుకాడతావు?"

పంటు వచ్చేలోపు సరైన జవాబు చెప్పలేకపోయాను. గేమ్ ఆవిడ చేతికిచ్చి నేర్పడం మొదలుపెట్టాను. ఆ తర్వాత మూడు నెలల్లో ఆవిడకి నేర్పినదీ, నేర్పుతూ నేను గమనించినదీ ఇక్కడ రాస్తున్నాను. అసలు ఎప్పుడూ ఆడనివాళ్లకీ, చిన్నప్పుడు తీర్థంలో కొనుక్కుని ఆడి "నాకు రాదులే" అని వదిలేసినవాళ్లకీ ఇది పనికొస్తుంది.

ఈ ఇటుకల ఆట అసలు పేరు టెట్రిస్. పైనుంచి ఒక్కో ముక్క పడుతుంది, అడ్డంగా ఒక వరస నిండితే అది మాయమవుతుంది, గుట్ట పైదాకా వచ్చేస్తే ఆట అయిపోతుంది. అత్త ప్రశ్నకి జవాబు ఇప్పుడు చెప్పగలను. ఈ ఆటలో పని ఒక్కటే: పడుతున్న ముక్కని, దాని తర్వాత వచ్చేదానికి చోటు మిగిలేలా పెట్టడం. స్కోరు కోసం ఆడితే టెన్షన్ వస్తుంది. చోటు కోసం ఆడితే మనసు కుదుటపడుతుంది, స్కోరు కూడా దానంతటదే పెరుగుతుంది. కింద చెప్పే ప్రతి పద్ధతీ ఈ మాట మీదే నడుస్తుంది.

ముందు ఆట పుట్టుక కొంచెం

1984లో మాస్కోలో సోవియట్ సైన్సెస్ అకాడమీ వారి కంప్యూటింగ్ సెంటర్లో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ ఈ ఆట రాశాడు. చిన్నప్పటినుంచీ ఆయనకి చెక్కముక్కల పజిల్ ఒకటి ఇష్టం. ఐదేసి గళ్లు కలిసిన పన్నెండు ముక్కల్ని ఒక పెట్టెలో సర్దడం ఆ పజిల్. ఐదు గళ్లని నాలుగుకి తగ్గిస్తే ముక్కలు ఏడే అవుతాయి. ఏడింటిని మనిషి తేలిగ్గా గుర్తుపెట్టుకోగలడు. ఆయన వాడిన ఎలక్ట్రానికా 60 మెషీన్‌లో బొమ్మలు గీసే వీలు లేదు. అందుకే మొదటి టెట్రిస్‌లో ఇటుకల బదులు బ్రాకెట్ గుర్తులు పడేవి. గ్రీకులో నాలుగుకి వాడే 'టెట్రా', ఆయనకి ఇష్టమైన టెన్నిస్ కలిపి టెట్రిస్ అని పేరు పెట్టాడు.

ఆట చేతిలోకి వచ్చింది 1989లో. నింటెండో అనే జపాన్ కంపెనీ, గేమ్ బాయ్ అనే చేతి గేమ్‌ని ఆ ఏడాది ఏప్రిల్‌లో జపాన్‌లోనూ, జూలై ఆఖర్లో అమెరికాలోనూ విడుదల చేసింది. అమెరికాలో గేమ్ బాయ్ పెట్టెలోనే టెట్రిస్ పెట్టి అమ్మారు. చేతి గేమ్‌లకి హక్కులు తేవడానికి హెంక్ రోజర్స్ అనే ఆయన స్వయంగా మాస్కో వెళ్లాడు. గేమ్ బాయ్ టెట్రిస్ దాదాపు మూడున్నర కోట్ల కాపీలు అమ్ముడైంది. ఆట కనిపెట్టిన పజిత్నోవ్‌కి మాత్రం 1996 వరకు రాయల్టీ రాలేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

మన వైపు పిల్లల్లో గేమ్ బాయ్ చూసినవాళ్లు చాలా తక్కువ. మనకి అందింది చైనా నుంచి వచ్చిన బ్రిక్ గేమ్. పైన '9999 ఇన్ 1' అని రాసి ఉండేది. అందులో కార్ల రేసు, ట్యాంకులు, పాము కూడా ఉండేవిగానీ చివరికి అందరం ఇటుకల ఆటకే వచ్చేవాళ్లం. మా నాన్న అంతర్వేది తీర్థంలో బేరమాడి కొనిపెట్టిన గేమ్‌తోనే నా ఆట మొదలైంది.

మొదటి అడుగు: బటన్లున్న గేమ్ సంపాదించండి

ఫోన్‌లో కూడా ఆడొచ్చు. కానీ నేర్చుకోవడానికి మాత్రం బటన్లున్నదే తీసుకోమని గట్టిగా చెబుతాను. అద్దం మీద వేలు జరిపితే ముక్క ఎన్ని గళ్లు కదిలిందో వేలికి తెలియదు. బటన్ నొక్కితే ఒక్క నొక్కుకి ఒక్క గడి. రెండు రోజుల్లో బొటనవేలే లెక్కపెట్టడం నేర్చుకుంటుంది, కళ్లు ముక్క మీద కాకుండా కింద చోటు మీద ఉంటాయి.

బ్రిక్ గేమ్ రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. మొదటి తరం గేమ్ బాయ్‌కి నాలుగు కావాలి. రెండింటి తెరకీ లోపల లైటు లేదు, కాబట్టి వెలుతురులో ఆడాలి. మా అత్త వీధి అరుగు మీద కూర్చుని, వెలుగు భుజం మీదుగా తెర మీద పడేలా పట్టుకుంటుంది. అది సరైన పద్ధతి. ఎదురెండలో పెడితే మాత్రం వేడికి తెర నల్లబడుతుంది. మే నెలలో బండి మీద పెట్టి మర్చిపోవద్దు.

పాతది అటక మీద దొరికితే పారేయకండి. మన కాలువల తేమకీ, సముద్రం వైపు ఊళ్లలో ఉప్పుగాలికీ ముందు పాడయ్యేది సెల్స్ పెట్టే చోట ఉన్న స్ప్రింగులు. సెల్స్ కారి తెల్లగా పేరుకుని ఉంటే పొడిగుడ్డతో దులిపి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ఉప్పుకాగితంతో స్ప్రింగు మెరిసేదాకా నెమ్మదిగా రుద్దండి. బటన్ గట్టిగా నొక్కితేగాని పనిచేయకపోతే వెనక స్క్రూలు విప్పి, బటన్ కింద రబ్బరునీ, అది తగిలే నల్లటి చోటునీ అదే స్పిరిట్‌తో తుడిస్తే చాలావరకు బాగుపడుతుంది. వారం పైన ఆడకపోతే సెల్స్ తీసి విడిగా పెట్టండి. నా మొదటి గేమ్ ఈ ఒక్క అజాగ్రత్తతోనే పోయింది.

రెండో అడుగు: ఏడింటికీ పేర్లు పెట్టండి

ఇంగ్లీషు వాళ్లు ఏడు ముక్కల్నీ ఐ, ఓ, టి, ఎస్, జెడ్, జె, ఎల్ అంటారు. మా వీధిలో మా పేర్లు మాకుండేవి. నాలుగు గళ్ల నిలువుది కర్ర. రెండింటికి రెండుగా ఉండేది డబ్బా. మూడు గళ్ల మీద నడిమిన ఒకటి లేచింది బుడిపె. చివర ఒకటి లేచినవి రెండు కొక్కేలు: కుడి కొక్కెం, ఎడమ కొక్కెం. ఒకదాని మీద ఒకటి పక్కకి జరిగినట్టుండేవి రెండు మెట్లు: కుడివైపు ఎక్కే మెట్టు, ఎడమవైపు ఎక్కే మెట్టు. మీ పేర్లు మీరు పెట్టుకోండి. పేరుంటే ముక్క కనపడగానే దాని చోటు కూడా గుర్తుకొస్తుంది.

తర్వాత ఒక్కో ముక్కనీ తిప్పి చూడండి. డబ్బాని ఎంత తిప్పినా ఒకటే. కర్ర, రెండు మెట్లు రెండేసి రకాలుగా పడతాయి. బుడిపె, రెండు కొక్కేలు నాలుగేసి రకాలుగా పడతాయి. మొత్తం కలిపితే 19. ఈ ఆటలో మీరు జన్మలో చూడబోయే ఆకారాలు ఆ పంతొమ్మిదే. మొదటిరోజు స్కోరు పట్టించుకోకుండా ఇవి చూడటానికే ఆడండి. అత్తకి దీనికి ఒక సాయంత్రం పట్టింది. మర్నాడు పొద్దున ఫోన్ చేసి, "బుడిపె మంచిదిరా, ఎక్కడైనా కూర్చుంటుంది" అంది. నిజంగానే ఏడింటిలో ఎక్కువ చోట్ల ఒదిగేది అదే.

మూడో అడుగు: పైనుండగానే తిప్పేయండి

కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటుంది. ముక్క సగం దూరం దిగేదాకా "దీన్ని ఎలా తిప్పితే సరిపోతుంది" అని మనసులో ఊహిస్తూ కూర్చుంటారు. ఊహించకండి, తిప్పండి. 1994లో డేవిడ్ కిర్ష్, పాల్ మాగ్లియో అనే ఇద్దరు పరిశోధకులు టెట్రిస్ ఆడేవాళ్లని గమనించి ఈ విషయమే రాశారు. ఆటగాళ్లు ముక్కని చోటులో పెట్టడానికే కాదు, ఆలోచించుకోవడానికి కూడా తిప్పుతారు. తలలో తిప్పడం కంటే తెర మీద తిప్పి కళ్లతో చూడటం తొందరగా అయిపోతుంది.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: ముక్క కనపడగానే తిప్పడం, తర్వాత పక్కకి జరపడం, ఆఖర్న కిందికి నొక్కడం. తిప్పడం, జరపడం రెండూ తెర పైభాగంలోనే అయిపోవాలి. కిందికి దిగాక జరపబోతే పక్కనున్న గోడకి తగిలి ఆగిపోతుంది, ముక్క అక్కరలేని చోట కూర్చుంటుంది. బ్రిక్ గేమ్‌లో తిప్పే బటన్ ఒకటే, అది ఒకవైపే తిప్పుతుంది. గేమ్ బాయ్‌లో రెండు బటన్లు రెండు వైపులకి తిప్పుతాయి కాబట్టి మూడుసార్లు నొక్కే పని ఒకసారితో తేలిపోతుంది.

పక్కన చిన్న గడిలో తర్వాత వచ్చే ముక్క కనిపిస్తుంది. మొదటి వారం దాన్ని చూడకపోయినా ఫర్వాలేదు. రెండో వారం నుంచి, చేతిలో ముక్క కిందికి నొక్కే ముందు ఒక్కసారి అటు చూడటం అలవాటు చేసుకోండి. ఆట తీరు మారిపోతుంది.

నాలుగో అడుగు: అడుగు వరస

అసలు ఆట ఇక్కడుంది, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను.

మా నాన్న పాలకొల్లు దగ్గర ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేసేవారు. బడి లేనప్పుడు నేను గోడౌన్‌లో కూర్చుని ముఠావాళ్లు బస్తాల నెట్టు కట్టడం చూసేవాణ్ణి. అడుగు వరస పెట్టేటప్పుడు ముఠా మేస్త్రి అక్కడే నిలబడేవాడు. ఒక్కో బస్తా పడగానే కాలితో మూల తొక్కి సరిచేసేవాడు. పక్క బస్తాకి బెత్తెడు సందుంటే మళ్లీ లేపించేవాడు. నాలుగో వరసకి వచ్చేసరికి ఆయన బయటికెళ్లి చుట్ట వెలిగించుకునేవాడు. ఇంకా పది వరసలు ఎక్కాల్సి ఉండేవి, అయినా లోపలికి వచ్చేవాడు కాదు. "అడుగు కుదిరింది, ఇక అదే ఎక్కుతుంది" అనేవాడు.

టెట్రిస్ పది గళ్ల వెడల్పు. బ్రిక్ గేమ్‌లో ఎత్తు ఇరవై గళ్లు, గేమ్ బాయ్‌లో పద్దెనిమిది. ఆ పది గళ్ల పైభాగం ఎలా ఉందన్నదే మీ ఆస్తి. ముక్క పెట్టేముందు "ఇది ఎక్కడ పడుతుంది" అని కాకుండా, "ఇది పడ్డాక పైన ఏం మిగులుతుంది" అని చూడండి.

తిన్నగా ఉంచడమంటే అద్దంలా ఉంచడం అనుకుంటారు. ఇక్కడ జాగ్రత్త. మట్టంగా ఉన్న నేల మీద డబ్బా కూర్చుంటుంది, కర్ర పడుకుంటుంది, కొక్కేలూ బుడిపె కూడా కూర్చుంటాయి. మెట్లు మాత్రం కూర్చోవు. కుడివైపు ఎక్కే మెట్టుని మట్టం మీద పెడితే దాని కుడి చివర కింద ఒక గడి ఖాళీ ఉండిపోతుంది. అది పడుకుని ఒదగాలంటే రెండు గళ్లు సమంగా ఉండి, వాటి కుడిపక్క గడి ఒకటి ఎత్తుగా ఉండాలి. నిలబడి ఒదగాలంటే కుడిగడి, ఎడమగడి కంటే ఒకటి తక్కువ ఉండాలి. రెండో మెట్టుకి ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగేస్తే సరి.

అందుకని పైభాగాన్ని ఎప్పుడూ ఇలా ఉంచండి: ఒకచోట రెండు మూడు గళ్ల మట్టం, ఒకచోట కుడికి ఒక గడి ఎక్కే ఎత్తు, ఒకచోట ఎడమకి ఒక గడి ఎక్కే ఎత్తు. ఈ మూడూ ఉంటే ఏడింటిలో ఏది వచ్చినా చోటుంటుంది. పక్కపక్క గళ్ల మధ్య తేడా ఒకటి ఉంటే మంచిది, రెండైతే కొక్కెం కోసం ఎదురుచూడాలి, మూడైతే కర్ర తప్ప దిక్కులేదు. కర్ర కోసం ఎదురుచూసే చోట్లు రెండున్నాయంటే మీ ఆట కష్టంలో పడ్డట్టే.

ఎత్తుని అంచుల్లో ఉంచండి, నడుమ పెంచకండి. ముక్క పుట్టేది నడుమే. నడుమ గుట్ట కడితే అటు ఇటు దాటించే దారి మూసుకుపోతుంది.

ఎంత బాగా సర్దినా ఏదో ఒకటి మిగులుతూనే ఉంటుంది, అది మీ తప్పు కాదు. చదరంగం బల్లలాగా నలుపు తెలుపు గళ్లు ఊహించుకోండి. ఆరు ముక్కలు రెండు నల్లవి, రెండు తెల్లవి కప్పుతాయి. బుడిపె ఒక్కటే మూడు ఒక రంగు, ఒకటి ఇంకో రంగు కప్పుతుంది. అందుకే ఏడు ముక్కల్నీ ఒక్కొక్కసారి వాడి నాలుగింటికి ఏడు గళ్ల పెట్టె నింపడం ఎవరివల్లా కాదు. గళ్ల లెక్క 28కి 28 సరిపోతుంది, రంగుల లెక్క సరిపోదు. ఈ చిన్న ఎగుడుదిగుడే ఆటని నలభై ఏళ్లుగా బతికించిందని నా నమ్మకం. పూర్తిగా కుదిరిపోతే ఇంకో ముక్క కోసం ఎవరూ చూడరు.

ఐదో అడుగు: కర్రకి సందు

ఒక వరస నిండితే మాయమవుతుంది. నాలుగు వరసలు ఒకేసారి నిండేలా చేయగలిగింది కర్ర ఒక్కటే. గేమ్ బాయ్‌లో మొదటి లెవెల్లో ఒక వరసకి 40, రెండింటికి 100, మూడింటికి 300, నాలుగింటికి 1200 పాయింట్లు. నాలుగు వరసలు విడివిడిగా తీస్తే 160. అవే నాలుగూ కలిపి తీస్తే ఏడున్నర రెట్లు.

దీనికి పద్ధతి తేలికే. కుడి చివరి నిలువు గడిని ఖాళీగా వదిలి, మిగిలిన తొమ్మిదీ నింపుకుంటూ రండి. నాలుగు వరసలకి తొమ్మిదేసి గళ్లు, మొత్తం 36, అంటే సరిగ్గా తొమ్మిది ముక్కలు. పదోది కర్ర అయితే గుట్ట నాలుగు వరసలు దిగుతుంది.

అయితే కర్ర ఎప్పుడొస్తుందో పాత గేమ్‌లలో హామీ లేదు. ఈ మధ్య వచ్చే టెట్రిస్‌లలో ఏడు ముక్కల్నీ ఒక సంచిలో వేసి కలిపి, అవి అయిపోయాకే ఇంకో సంచి తీసే నియమం ఉంది. అందువల్ల రెండు కర్రల మధ్య పన్నెండుకి మించి వేరే ముక్కలు రావు. బ్రిక్ గేమ్‌లో అలాంటి భరోసా పెట్టుకోవద్దు. గుట్ట సగం ఎత్తు దాటిందంటే ఆశ వదిలి, ఏ కొక్కెంతోనో సందు మూసి రెండు మూడు వరసలు తీసేయండి. మా అత్త ఇక్కడే చాలా రోజులు పట్టుబట్టింది. "వస్తుంది, వస్తుంది" అంటూ పైకప్పు దాకా తెచ్చేది. ఆఖరి ముక్క పడి ఆట ఆగిపోయాక పక్కగడిలో కర్ర కనిపించేది. అది చూసి ఆవిడ పడిన బాధ, చేతికందిన పనస తొన కాలువలో పడిపోయినంత.

ఆరో అడుగు: గొయ్యి పడితే

పడుతుంది. ఎంత ఆడినవాళ్లకైనా పడుతుంది. పైన కప్పు పడి కింద ఖాళీ మిగిలిన గడిని మేం గొయ్యి అనేవాళ్లం. గొయ్యి పడగానే చాలామందికి చేయి వణుకుతుంది, తర్వాతి రెండు ముక్కలూ కంగారుగా పెట్టి ఇంకో రెండు గోతులు చేస్తారు. ఆట పోయేది మొదటి గోతి వల్ల కాదు, ఆ తర్వాతి కంగారు వల్ల.

చేయాల్సింది ఇది. గోతి మీద ఏ వరస అడ్డంగా ఉందో చూడండి. ఆ వరస నిండితే గొయ్యి తెరుచుకుంటుంది. కాబట్టి కాసేపు కర్ర సందు సంగతి మర్చిపోయి, ఆ అడ్డు వరసని నింపడమే పనిగా పెట్టుకోండి. గోతి పైన ఇంకేమీ ఎక్కించవద్దు. ఒక కప్పుంటే ఒక వరస తీస్తే చాలు, మూడు కప్పులుంటే మూడు తీయాలి.

అభ్యాసానికి మంచి దారుంది. చాలా బ్రిక్ గేమ్‌లలో మొదలుపెట్టేముందు లెవెల్ పెంచితే కింద సగం సగం నిండిన వరసలతో ఆట వస్తుంది. గేమ్ బాయ్‌లో బి రకం ఆట ఇలాంటిదే, 25 వరసలు తీస్తే అయిపోతుంది. రోజూ ఒక్క ఆట ఇలా ఆడండి. పాడైన గుట్టని బాగుచేయడం వస్తే భయం పోతుంది. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే: మూడు నాలుగు ముక్కల ఓపిక తర్వాత అడ్డు వరస కరిగి, ఎప్పుడో చేసిన తప్పు మళ్లీ పైకి తేలి, దాన్ని సరిచేసుకునే వీలు దొరకడం.

ఏడో అడుగు: స్పీడు

దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు. స్పీడు పెరిగే కొద్దీ గుట్ట తక్కువ ఎత్తులో ఉంచండి, సందు మూసేసి వరసలు చిన్నచిన్నగా తీయండి. మీరు హాయిగా ఆడగలిగే స్పీడు కంటే ఒక్క మెట్టు ఎక్కువలో రోజుకి పది నిమిషాలు ఆడితే పాత స్పీడు నెమ్మదిగా అనిపిస్తుంది. 1992లో రిచర్డ్ హేయర్ బృందం కొత్తవాళ్లకి కొన్ని వారాలు టెట్రిస్ ఆడించి మెదడు స్కాన్ చేసింది. ఆట బాగా వచ్చాక మెదడు ఖర్చుపెట్టే శక్తి తగ్గింది. చేయి తిరగడం అని మనం అనేది అదే.

దీనికి అంతుందా అంటే, 2023 డిసెంబర్లో అమెరికాలో విల్లిస్ గిబ్సన్ అనే పదమూడేళ్ల పిల్లవాడు పాత నింటెండో టీవీ గేమ్ టెట్రిస్‌ని 157వ లెవెల్ దాకా ఆడి, మెషీనే బిగుసుకుపోయేలా చేశాడు. ఒక మనిషి ఆడి అలా చేయడం అదే మొదటిసారి. మరోవైపు 1997లో హైడీ బర్గీల్ అనే గణితవేత్త, రెండు మెట్లే ఒకదాని తర్వాత ఒకటి వస్తూ పోతే ఎంత గొప్పగా ఆడినా ఏదో ఒకరోజు ఓడిపోక తప్పదని రుజువు చేసింది. ఈ రెండు మాటలూ అత్తకి చెప్పాను. రెండోది విని, "అయితే నా తప్పు లేదన్నమాట" అని సంతోషపడింది.

ఎనిమిదో అడుగు: ఎప్పుడు ఆపాలి

రాత్రి కళ్లు మూసుకుంటే ముక్కలు పడుతూ కనిపిస్తాయి. కంగారుపడకండి, అందరికీ ఉండేదే. 2000లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం దీన్ని పరీక్షించింది. జబ్బువల్ల, ఆట ఆడిన సంగతే గుర్తుండని మనుషులకి కూడా నిద్రపట్టేటప్పుడు ముక్కలు కనిపించాయి. అయినా పడుకునే ముందు అరగంట ఆడకపోవడం మంచిది.

ఆపడానికి బయట పని ఒకటి గుర్తుగా పెట్టుకోండి. "ఇంకొక్క ఆట" అనే లెక్క నిలవదు, ఎందుకంటే ఆట మధ్యలో ఎప్పుడూ ఏదో ఒక వరస నిండబోతూ ఉంటుంది. పంటు వచ్చేదాకా, కరెంటు వచ్చేదాకా, పాలవాడు వచ్చేదాకా అనుకుంటే ఆగుతుంది. పాజ్ బటన్ ఉన్నది అందుకే. మధ్యలో ఆపితే గుట్ట ఎక్కడికీ పోదు.

ఈ ఆట మనిషిని పట్టి ఉంచడం గురించి ఇంకో మాట చెప్పాలి. 1996 నవంబర్ 6 తుఫానుకి అత్తవాళ్ల కొబ్బరితోట సగం నేలకూలింది. వారం తర్వాత నాన్నతో కలిసి వెళ్లాను. పెద్దవాళ్లు పెరట్లో మాట్లాడుకోకుండా కూర్చున్నారు. బావా నేనూ పడిపోయిన చెట్టు మొద్దు మీద కూర్చుని, ఒకే బ్రిక్ గేమ్ ఒకరి తర్వాత ఒకరం ఆడాం. సెల్స్ అయిపోవస్తే తెర పాలిపోయేది, తీసి ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లం. చీకటిపడేదాకా బావ ఆ రాత్రి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు మాట్లాడాడు. చాలా ఏళ్ల తర్వాత చదివాను, 2009లో ఎమిలీ హోమ్స్ బృందం ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రయోగం చేసిందని. మనసు కలచివేసే దృశ్యాలు చూసిన కొందరికి అరగంట తర్వాత పది నిమిషాలు టెట్రిస్ ఇస్తే, ఆ వారంలో ఆ దృశ్యాలు వాళ్ల కళ్లముందు మెదలడం తగ్గింది. కళ్లూ ఊహా ముక్కల్ని తిప్పడంలో మునిగి ఉంటే, భయపెట్టే బొమ్మకి అక్కడ చోటు తగ్గుతుందన్నది వాళ్ల ఆలోచన. బావకి అదే జరిగిందని నేను అనలేను. ఆ మొద్దు మీద మా ఇద్దరికీ చేయడానికి ఒక పని ఉందని మాత్రం చెప్పగలను.

నేర్పేటప్పుడు

ఎవరికైనా నేర్పితే గేమ్ వాళ్ల చేతిలోనే ఉంచండి, మీరు లాక్కుని చూపించవద్దు. "అక్కడ పెట్టు" అనకండి, "ఇది పెట్టాక ఏం మిగులుతుంది?" అని అడగండి. పెద్దవాళ్లకి అక్షరాలు, అంకెలు కనపడకపోయినా ఫర్వాలేదు, ముక్కలు కనపడితే చాలు. వేళ్లు నొప్పి పుడితే బల్ల మీద ఆనించి ఆడమనండి. ఒకే గుట్ట మీద ఇద్దరు ముక్క తర్వాత ముక్క ఆడటం కూడా బాగుంటుంది. ఎదుటివాళ్లకి చోటు వదలడం అప్పుడే బాగా అలవాటవుతుంది.

టెట్రిస్ చేయి తిరిగాక దాని చుట్టాలని చూడొచ్చు. సెగా గేమ్ గేర్‌తో వచ్చిన కాలమ్స్‌లో ఒకే రకం రాళ్లు మూడు కలిస్తే పోతాయి. పుయో పుయోలో ఒకటి పోతే దాని మీదవి జారి ఇంకొన్ని పోయేలా ముందే కట్టుకోవచ్చు. రెండూ మంచివే, కానీ ముందు ఇటుకలు.

మొన్న మళ్లీ అత్తవాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఆడుతోంది. కుడి చివర సందు నాలుగు గళ్ల లోతు, మిగతా అంతా నిండుగా ఉంది. పక్కగడిలో కర్ర వచ్చింది. లోపల కుక్కర్ మూడో విజిల్ వేసింది. అత్త పాజ్ నొక్కి, గేమ్ అరుగు మీద బోర్లించి, "ముట్టుకోకు, అది నాది" అని లోపలికెళ్లింది.